తలంబ్రాలు గళ్లు పడకుండా

వీడియోను కుదించే ఏ పద్ధతికైనా అసలు పరీక్ష తలంబ్రాల దగ్గరే. వేల గింజలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఏ గింజ దారి దానిది. మీద వీడియో లైటు, వెనక తళుకుల తెర, చుట్టూ అక్షింతలు విసిరే బంధువులు. అప్పటిదాకా నున్నగా నడిచిన బొమ్మ ఆ నిమిషంలో గళ్లు గళ్లుగా విడిపోతుంది. పెళ్లికూతురి నవ్వు చదరాల మధ్య చెదిరిపోతుంది.

నేను ఏలూరులో పెళ్లి వీడియోల మిక్సింగ్ పని చేసుకుని బతికినవాణ్ణి. వీహెచ్‌ఎస్ క్యాసెట్టు నుంచి పెన్‌డ్రైవ్ దాకా ఈ పనిలో వచ్చిన ప్రతి మార్పునూ దగ్గరగా చూశాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చేతిలో పాత డీవీడీ ఉంటుంది. "దీన్ని పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి, ఇంట్లో ప్లేయర్ లేదు" అంటారు. డిస్కును చిన్న ఫైలుగా మార్చి ఇంట్లో టీవీలో చూసుకోవడం ఇవాళ గంటలో అయిపోయే పని. దాని వెనక యాభై ఏళ్ల గణితం ఉంది, కోర్టు కేసులున్నాయి, పైసా తీసుకోకుండా ప్రోగ్రాములు రాసిన కుర్రాళ్లున్నారు. తన బొమ్మను తన ఇంట్లో తానే కాపాడుకునే శక్తి మామూలు మనిషికి ఎలా వచ్చిందో చెప్పే చరిత్ర ఇది. ఈ పనిలో అన్నం తిన్నవాడిగా దాన్ని రాసిపెట్టడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మూడు సీడీల సినిమా

ఇంట్లో క్యాసెట్టు స్థానంలోకి మొదట వచ్చింది డీవీడీ కాదు, వీసీడీ. 1993లో ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ సంస్థలు కలిసి దాని ప్రమాణాన్ని ఖరారు చేశాయి. పాటల సీడీ ఎంతో ఇదీ అంతే. అందులో 74 నిమిషాల వీడియో పట్టేది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో బొమ్మ వెడల్పు 352 చుక్కలు, ఎత్తు 288. సెకనుకు 1150 కిలోబిట్లు బొమ్మకు, 224 కిలోబిట్లు ధ్వనికి. ఈ లెక్కలో అటూ ఇటూ జరపడానికి వీల్లేదు. కదలకుండా కూర్చున్న పురోహితుడికీ అంతే, పరుగెత్తే గుర్రానికీ అంతే.

ఇంగ్లిష్ సినిమా రెండు డిస్కుల్లో సరిపోయేది. రెండు ముప్పావు గంటల తెలుగు సినిమాకు మూడు కావాలి. దర్శకుడు పెట్టిన ఇంటర్వెల్ ఒకచోట ఉంటే డిస్కు మార్చాల్సిన చోటు మరోటి. మా వీధుల్లో క్యాసెట్ లైబ్రరీలు నడిపినవాళ్లే అద్దెకు వీసీడీలు ఇచ్చారు. పది ఇళ్లు తిరిగిన డిస్కు గీతలు పడి, పాట మధ్యలో ఆగిపోయేది. తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టడం ఆ రోజుల్లో ఇంటింటా ఉన్న అలవాటు.

పెళ్లి వీడియోలు కూడా అప్పుడే క్యాసెట్టు నుంచి డిస్కులోకి మారడం మొదలైంది. తలంబ్రాలు ఎందుకు పాడవుతున్నాయని నాకు మొదటిసారి ప్రశ్న పుట్టింది అప్పుడే. దాని జవాబు వెతుక్కుంటూ వెళ్తే ఒక పరిశోధన పత్రం దగ్గర తేలాను.

ముగ్గురు మనవాళ్లు

1974 జనవరిలో, కంప్యూటర్లపై ఐఈఈఈ సంస్థ వెలువరించే పరిశోధన పత్రికలో ఆ చిన్న వ్యాసం వచ్చింది. పేరు 'డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్'. రాసినవాళ్లు ముగ్గురు. నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ముగ్గురూ భారతదేశం నుంచి అమెరికా వెళ్లినవాళ్లే. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ 1972లో ఈ ఆలోచన చేశారు. దీనిపై పరిశోధనకు డబ్బు ఇవ్వమని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు రాస్తే, ఆలోచన మరీ సులువుగా ఉందని తిరస్కరించారు. ఆయన వదల్లేదు. తన శిష్యుడు నటరాజన్‌తో, మిత్రుడు రావుతో కలిసి పని పూర్తి చేశారు. కె. ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. అర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో యాభై ఏళ్లకు పైగా పనిచేసి, 2021 జనవరిలో కన్నుమూశారు. ఆ పేరు మన తెలుగు ఇళ్లలో ఇంకా బాగా తెలియాలి.

వాళ్ల ఆలోచనను బొమ్మల కుదింపులో వాడే తీరు ఇది. బొమ్మను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు గల చిన్న గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో 64 చుక్కలు. ఆ 64 విలువలను మరో 64 అంకెలుగా మారుస్తారు. మొదటి అంకె ఆ గడి మొత్తం ఎంత వెలుగుగా ఉందో చెబుతుంది. తర్వాతివి వరసగా అందులోని మోటు తేడాలను, ఆ తర్వాత సన్న తేడాలను చెబుతాయి. మన కన్ను మోటు తేడాను వెంటనే పట్టుకుంటుంది, మరీ సన్నవాటిని పెద్దగా పట్టించుకోదు. కాబట్టి ఆ సన్న అంకెల్లో చాలావాటిని సున్నా చేసేస్తారు. సున్నాల వరసను రాసుకోవడానికి చోటు దాదాపు అక్కర్లేదు. ఫొటోల జేపెగ్, వీసీడీలోని ఎంపెగ్-1, డీవీడీలోని ఎంపెగ్-2, తర్వాత వచ్చిన ఎంపెగ్-4 అన్నీ ఈ పునాది మీదే నిలబడ్డాయి.

రెండో కిటుకు కదలికది. లియొనార్దో కియరిలియోనె, హిరోషి యసుదా 1988లో మొదలుపెట్టిన ఎంపెగ్ బృందం దాన్ని ప్రమాణంగా మలిచింది. ప్రతి ఫ్రేమునూ పూర్తిగా రాయరు. ఒక ఫ్రేమును పూర్తిగా రాసి, తర్వాతి ఫ్రేములకు "ఈ ముక్క ఇటు జరిగింది" అని మాత్రమే రాస్తారు. ముక్క అంటే పదహారు చుక్కల చదరం. పల్లకి కుడివైపుకు కదిలితే ఆ చదరాలన్నీ కలిసి కుడివైపుకు జరుగుతాయి. రాయాల్సింది చాలా తక్కువ.

తలంబ్రాల దగ్గర ఈ కిటుకు పనిచేయదు. ఒక్కో చదరంలో పది గింజలుంటే పదీ పది దారుల్లో పోతాయి. జరిగిందని చెప్పడానికి పాత ముక్క ఏదీ సరిపోదు. ప్రతి ఫ్రేమూ కొత్తదే. కేటాయించిన బిట్లు చాలక యంత్రం సన్న అంకెలతో పాటు మోటు అంకెలను కూడా తీసిపారేస్తుంది. అప్పుడే గడి అంచులు కంటికి కనిపిస్తాయి. వాననీటికి, దీపావళి చిచ్చుబుడ్డికి, కె. రాఘవేంద్రరావు పాటల్లో కురిసే పూలకు కూడా ఇదే కష్టం. ఈ విషయం అర్థమయ్యాక నా పనిలో తలంబ్రాల ఘట్టాన్ని విడిగా చూడటం మొదలుపెట్టాను. వీసీడీలో కుదరకపోయినా, తర్వాత డీవీడీలో, ఫైళ్లలో అక్కడ బిట్లు పెంచి, మామూలు సన్నివేశాల్లో తగ్గించేవాణ్ణి.

తాళం వేసిన డిస్కు

డీవీడీ 1996 నవంబరు 1న జపాన్‌లో అమ్మకానికి వచ్చింది, 1997 మార్చిలో అమెరికాలో. చూడటానికి సీడీలాగే ఉంటుంది. సీడీని చదివే కిరణం తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లయితే డీవీడీది 650. సన్నని కిరణం కాబట్టి గీతలను దగ్గర దగ్గరగా పేర్చవచ్చు. సీడీలో గీతకూ గీతకూ మధ్య 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74. అందుకే 700 మెగాబైట్ల చోట 4.7 గిగాబైట్లు పట్టాయి. రెండు పొరల డిస్కులో 8.5. పాల్ బొమ్మ 720 చుక్కల వెడల్పు, 576 ఎత్తు. వీసీడీ కన్నా నాలుగు రెట్లు. దాని కన్నా గొప్ప సంగతి, బిట్లను అవసరాన్ని బట్టి పంచుకునే వీలు. బొమ్మకు సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా వెళ్లవచ్చు. తలంబ్రాలకు ఊపిరాడింది.

అయితే సినిమా సంస్థలు ఈ డిస్కుకు రెండు అడ్డుగోడలు కట్టాయి. ఒకటి ప్రాంతాల విభజన. అమెరికా ఒకటో ప్రాంతం, భారతదేశం ఐదో ప్రాంతం. అమెరికాలో ఉన్న కొడుకు ప్రేమగా కొని పంపిన ఇంగ్లిష్ సినిమా మన ప్లేయర్‌లో ఆడదు. రెండోది సీఎస్‌ఎస్ అనే సాంకేతిక తాళం. అనుమతి పొందిన ప్లేయర్లకే దాని తాళంచెవి ఇస్తారు. డబ్బు పెట్టి కొన్న డిస్కును కూడా కొన్నవాడు తన కంప్యూటర్‌లోకి తీసుకోలేడు.

మన సినిమాల డిస్కులది వేరే కథ. ప్రవాసులే పెద్ద కొనుగోలుదారులు కాబట్టి మన డీవీడీలు చాలావరకు అన్ని ప్రాంతాల్లో ఆడేట్టు, అమెరికాలో నడిచిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో వచ్చాయి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను పాల్ మాస్టర్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి తొందరపాటుగా మార్చిన డిస్కుల్లో రెండు ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పడి, కదిలే చెయ్యి వెనక నీడలాంటి చెయ్యి కనిపిస్తుంది. అలాంటి డిస్కును ఫైలుగా మార్చినప్పుడు ఆ నీడ కూడా ఫైలులోకి వస్తుంది. మాస్టర్ చేసిన చోట జరిగిన లోపాన్ని ఇంట్లో ఎవరూ పూర్తిగా సరిచేయలేరు.

నార్వే కుర్రాడు, ఫ్రాన్సు కుర్రాడు

1999 అక్టోబరులో సీఎస్‌ఎస్ తాళాన్ని విప్పే డీసీఎస్‌ఎస్ అనే చిన్న ప్రోగ్రాము బయటికి వచ్చింది. దానితో పేరు ముడిపడిన నార్వే కుర్రాడు యోన్ లెక్ యొహాన్సెన్‌కు అప్పుడు నిండా పదహారేళ్లు లేవు. లినక్సు వాడేవాళ్లకు డీవీడీ చూసే అధికారిక దారి లేదు, తాము కొన్న డిస్కును చూసుకోవడానికే ఈ ప్రయత్నమని వాళ్ల వాదన. అమెరికాలో 2000 ఆగస్టులో ఈ ప్రోగ్రామును ప్రచురించిన పత్రికకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. నార్వేలో మాత్రం 2003 జనవరిలో కోర్టు యొహాన్సెన్ నిర్దోషి అని చెప్పింది. ప్రాసిక్యూషన్ అప్పీలుకు వెళ్తే అదే ఏడాది డిసెంబరులో పై కోర్టూ అదే మాట చెప్పింది. కొన్న డిస్కును చూసుకోవడం కొన్నవాడి హక్కు అన్న మాట అలా నార్వేలో నిలబడింది.

తాళం విప్పితే చేతికొచ్చేది అయిదారు గిగాబైట్ల గుట్ట. అప్పటి హార్డ్ డిస్కులకు అది భారం. ఆ గుట్టను సీడీలో పట్టేట్టు చేసినవాడు ఫ్రాన్సులోని మాంపెలియేకు చెందిన జెరోమ్ రోతా. వీడియోను కుదించి విప్పే ప్రోగ్రామును కోడెక్ అంటారు. మైక్రోసాఫ్ట్ తయారుచేసిన ఎంపెగ్-4 కోడెక్‌ను ఆ సంస్థ తన సొంత ఫైలు పద్ధతికే కట్టేసింది. రోతా ఆ కట్టు తెంచి మామూలు ఏవీఐ ఫైళ్లలో వాడుకునేట్టు చేశాడు. అదే డివ్‌ఎక్స్. 2000లో దాని మీద అమెరికాలో ఒక కంపెనీ లేచింది. 2001లో ఆ బృందమే ఓపెన్‌డివ్‌ఎక్స్ పేరుతో స్వేచ్ఛా కోడును విడుదల చేసి, కొన్నాళ్లకు తలుపు మూసేసింది. బయట ఉన్న ప్రోగ్రామర్లు ఆ కోడును అందుకుని ఎక్స్‌విడ్‌గా కొనసాగించారు. ఒకరు మూసిన తలుపును మరొకరు తెరవడం ఈ రంగమంతటా కనిపిస్తుంది.

ఆ రోజుల్లో మా పని లెక్కతో మొదలయ్యేది. ఒక సీడీ 700 మెగాబైట్లు. వంద నిమిషాల ఇంగ్లిష్ సినిమాను అందులో పెట్టాలంటే ధ్వనికి 128 కిలోబిట్లు తీసేశాక బొమ్మకు సెకనుకు సుమారు 850 కిలోబిట్లు మిగులుతాయి. చూడటానికి బాగానే ఉంటుంది. రెండు ముప్పావు గంటల తెలుగు సినిమాకైతే మిగిలేది 465. ఆరు పాటలు, రెండు ఫైట్లు, ఒక వాన. ఆ బిట్లకు ఏదీ ఆగదు. కాబట్టి మనకు రెండు సీడీల లెక్కే న్యాయం. ప్రపంచమంతా వాడిన 700 మెగాబైట్ల కొలత గంటన్నర సినిమా చూసేవాళ్ల కొలత. మన సినిమా నిడివికి మన లెక్క మనం వేసుకోవాల్సి వచ్చింది.

బాగా రావాలంటే రెండుసార్లు నడపాలి. మొదటిసారి యంత్రం సినిమా మొత్తం చదివి, ఎక్కడ కదలిక ఎక్కువో, ఎక్కడ తక్కువో రాసిపెట్టుకుంటుంది. రెండోసారి ఆ చిట్టా చూసి బిట్లు పంచుతుంది. పెంటియం యంత్రం మీద ఒక వీడియోకు రాత్రంతా పట్టేది. వేసవి కోతల్లో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. అందుకే పెద్ద పనులు రాత్రి పదకొండు దాటాకే పెట్టి, పొద్దున్నే వచ్చి చూసుకునేవాణ్ణి. మొత్తం చూడను. తలంబ్రాల దగ్గరికి, అప్పగింతల దగ్గరికి వెళ్లి చూస్తాను. అప్పగింతల్లో ఏడుపు వల్ల గొంతు సన్నబడుతుంది. ధ్వనిని మరీ కుదిస్తే ఆ గొంతు డొల్లగా వినిపిస్తుంది. మాట పెదవికి అందకుండా ముందుకో వెనక్కో జరిగిందేమో కూడా అక్కడే తెలుస్తుంది. ఈ రెండు చోట్లా బాగుంటే వీడియో అంతా బాగున్నట్టే.

టీవీ దాకా

కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుని ఇంటిల్లిపాదీ సినిమా చూడలేరు. ఫైలు హాల్లోని టీవీ దాకా రావాలి. డెన్మార్క్‌కు చెందిన కిస్ టెక్నాలజీ అనే సంస్థ డివ్‌ఎక్స్ ఫైళ్లు ఆడే డీవీడీ ప్లేయర్‌ను 2003 ప్రాంతంలో తెచ్చింది. 2004లో ఫిలిప్స్ తెచ్చిన డీవీపీ642 తక్కువ ధరలోనే ఆ పని చేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. మా ఊళ్లకు ఆ గుణం చైనా ప్లేయర్లతో, ఆ తర్వాత ముందు భాగంలో యూఎస్‌బీ రంధ్రం ఉన్న ప్లేయర్లతో వచ్చింది. ఆ చిన్న రంధ్రం పెద్ద మార్పు. పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు. రిసెప్షన్‌లో తీసిన వీడియోను కొత్త జంట అత్తారింట్లో అందరితో కూర్చుని చూడగలిగింది.

డిస్కు ధర కూడా అదే కాలంలో నేలకు దిగింది. అప్పటిదాకా అసలు డీవీడీ కొనాలంటే వందల్లో మాట. ఖాళీ డిస్కులు తయారుచేసే మోసర్ బేర్ 2007లో సినిమాల వ్యాపారంలోకి వచ్చి, వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మింది. తెలుగు సినిమాలు కిరాణా కొట్లో కూడా కనిపించాయి. అద్దెకు తెచ్చుకునే ధరకు సొంతం చేసుకోవచ్చు. చాలా ఇళ్లలో పాత సినిమాల డిస్కులు పేర్చిపెట్టుకున్నది ఆ ఏళ్లలోనే. అంత పెద్ద సంస్థ కూడా 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. డిస్కుల కాలం ముగిసిందనడానికి అంతకన్నా పెద్ద గుర్తు అక్కర్లేదు.

చీకటి పక్క కూడా చెప్పాలి. ఇదే కుదింపుతో ఒక్క డిస్కులో ఐదు సినిమాలు కుక్కి ఫుట్‌పాత్‌ల మీద అమ్మారు. అది దొంగతనం. లైట్‌మన్ నుంచి నిర్మాత దాకా ఒక సినిమా మీద బతికే కుటుంబాల కూడు లాక్కోవడం. సినిమా డిస్కులు కాపీ కొట్టి ఇవ్వమని అడిగినవాళ్లకు నేను కుదరదనే చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను. మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ సొంత వాడకానికి న్యాయమైన వినియోగాన్ని ఒప్పుకుంటుంది. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక తాళం తీసేవాళ్లకు రెండేళ్ల దాకా శిక్ష చెబుతుంది. బ్రిటన్‌లో 2014 అక్టోబరులో సొంత కాపీ తీసుకోవచ్చని చట్టం చేసి, మరుసటి ఏడాదే కోర్టు దాన్ని కొట్టేసింది. దేశదేశానికీ ఈ గీత వేర్వేరుగా ఉంది. నా దృష్టిలో నీతి మాత్రం ఒక్కటే. నీ పెళ్లి, నీ బిడ్డ బారసాల, నువ్వు డబ్బిచ్చి తీయించుకున్న వీడియో నీది. దాన్ని ఎన్నిసార్లు కాపీ చేసుకున్నా ఎవరూ అడగరు. అసలు చేసుకోకపోవడమే తప్పు.

ఉచితంగా వచ్చిన పనిముట్లు

ఇవాళ నేను వాడే పనిముట్లన్నీ ఎవరో ఉచితంగా ఇచ్చినవే. వీఎల్‌సీ ప్లేయర్ 1996లో ఎకోల్ సెంత్రాల్ పారిస్ విద్యార్థుల కాలేజీ ప్రాజెక్టుగా మొదలై, 2001 ఫిబ్రవరిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయింది. డీవీడీని ఫైలుగా మార్చే హ్యాండ్‌బ్రేక్‌ను 2003లో ఎరిక్ పెతీ మొదలుపెట్టాడు. దాని ఒకటో సంపూర్ణ వెర్షన్ 2016 డిసెంబరులో వచ్చింది. పదమూడేళ్ల పాటు ఎందరో చేయివేసి పెంచిన చెట్టు అది. 2003లోనే హెచ్.264 ప్రమాణం వచ్చింది. ఎంపెగ్-2కు కావలసిన బిట్లలో సగంతోనే అదే నాణ్యత ఇస్తుంది. గడి అంచులను నున్నగా చేసే ఏర్పాటు అందులోనే ఉంది. తలంబ్రాల ఘట్టం ఫైలులో కూడా తలంబ్రాల్లా కనిపించడం నేను చూసింది దానితోనే. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అసలు ఆలోచన మాత్రం ఇంకా దాని కడుపులో ఉంది.

పెళ్లి డీవీడీని మార్చేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. పాత కెమెరాలు సెకనుకు 50 సగం బొమ్మలు తీసేవి. ఒక సగంలో సరి గీతలు, మరో సగంలో బేసి గీతలు. డబ్బా టీవీలో ఇవి కలిసిపోయేవి. ఇప్పటి పలక టీవీలో, ఫోన్లో చూస్తే చెయ్యి ఊపినచోట దువ్వెన పళ్లలాంటి గీతలు తేలతాయి. మార్చేటప్పుడే డీఇంటర్‌లేస్ చేయాలి, అంటే ఆ సగాలను పూర్తి బొమ్మలుగా మార్చాలి. హ్యాండ్‌బ్రేక్‌లో నాణ్యత అంకెను 18 నుంచి 22 మధ్య పెట్టాలి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది, ఫైలు కూడా పెరుగుతుంది. పెళ్లి వీడియోకు నేను 18 పెడతాను. నాలుగు గిగాబైట్ల డిస్కు రెండు గిగాబైట్లకే తగ్గినా ఫర్వాలేదు. ఇవాళ చోటు చవక, ముఖాలు చవక కాదు.

డిస్కు చచ్చిపోతుంది

కంపెనీ అచ్చువేసిన సినిమా డీవీడీకీ, మా దుకాణాల్లో రైట్ చేసి ఇచ్చిన డీవీడీకీ చాలా తేడా ఉంది. కంపెనీ డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే అచ్చయి ఉంటాయి. మేం రైట్ చేసిన డిస్కులో గుంటలు ఉండవు. ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ దాన్ని చుక్కలు చుక్కలుగా కాలుస్తుంది. ఆ రంగు సేంద్రియ పదార్థం. ఎండకు, వేడికి, తేమకు మారిపోతుంది. మే నెలలో ఏలూరు వేడి, ఆ వెంటనే వానల తేమ. ఇనప బీరువాలో పట్టుచీరల మధ్య ఉన్నా ఆ రెండూ తప్పవు. పైగా మేమంతా డిస్కు మీద వధూవరుల ఫొటోతో స్టిక్కర్లు అంటించాం. ఆ జిగురు ఎండి డిస్కును లాగుతుంది, అది వంకర తిరుగుతుంది. ప్లేయర్ బయటి అంచును చదవలేకపోతుంది. డీవీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కాబట్టి ముందుగా పోయేది చివర రాసిన భాగం. పెళ్లి వీడియోలో చివర ఉండేది అప్పగింతలు.

ఒక పెద్దావిడ ఒక డిస్కు తెచ్చారు. "నాయనా, ఇందులో మా ఆయన గొంతు ఉంది. ఇంకెక్కడా లేదు" అన్నారు. కూతురి పెళ్లిలో ఆయన ఎవరినో భోజనానికి కేకవేసి పిలిచిన మాట. రెండు సెకన్లు ఉంటుందేమో. మామూలు డ్రైవ్ ఆ డిస్కును గుర్తించనే లేదు. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ముందు బాగున్న చోట్లన్నీ చదివి పక్కన పెట్టుకుని, పాడైన చోట్లకు మళ్లీ మళ్లీ వెళ్తుంది. దాన్ని రాత్రంతా నడిపితే ఆ గొంతు దొరికింది. ఆవిడ అది విని మళ్లీ పెట్టమన్నారు. ఫైలును ఇద్దరు కొడుకులకూ, కూతురికీ వేరువేరుగా పంపించి, కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక కాగితం మీద రాసిచ్చాను.

మనకు ఇది కొత్త పాఠం కాదు. తాటాకు మీద రాసిందాన్ని ఎప్పటికో ఒకప్పటికి పురుగు తినేస్తుంది. అయినా మన సాహిత్యం మనదాకా వచ్చిందంటే ప్రతి తరంలోనూ ఎవరో కూర్చుని కొత్త ఆకు మీద మళ్లీ రాశారు కాబట్టే. సి. పి. బ్రౌన్ కడపలో సొంత డబ్బుతో పండితులను, లేఖకులను పెట్టుకుని పాత ప్రతులను కొత్తగా రాయించాడు. ఆకు పోయింది, పద్యం నిలిచింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి మాత్రం ఇవాళ మనకు లేదు. 1932లో జనం విరగబడి చూసిన బొమ్మ పేరుగానే మిగిలింది. ఫైలుగా మార్చి ఇంకో చోటికి ఎత్తిరాసే పనిని నేను ఆ లేఖకుల పనిగానే చూస్తాను.

కాబట్టి చదువుతున్నవాళ్లకు నా విన్నపం ఇది. ఈ ఆదివారం బీరువా తెరిచి పెళ్లి డిస్కులు, బారసాల డిస్కులు బయటికి తీయండి. మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. స్టిక్కర్ అంటించి ఉంటే పీకకండి, డిస్కు దెబ్బతినవచ్చు. ముందు డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఐఎస్‌ఓ ఫైలుగా తీయించండి, ఆ తర్వాతే టీవీలో చూసుకోవడానికి హెచ్.264 ఫైలుగా మార్పించండి. ఐఎస్‌ఓను పారేయకండి. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే మళ్లీ మొదలుపెట్టాల్సింది దాన్నుంచే. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు తేదీ, ఊరు, వధూవరుల పేర్లు రాయండి. వీడియోలో ఉన్న పెద్దవాళ్లు ఎవరెవరో ఇంట్లో చెప్పగలిగినవాళ్లు ఉండగానే ఒక కాగితం మీద రాయించి దాని ఫొటో కూడా జతచేయండి. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరువేరు ఇళ్లలో ఉంచండి. కొత్త ల్యాప్‌టాపుల్లో డీవీడీ డ్రైవ్ దాదాపు ఉండటం లేదు, ప్లేయర్లు దుకాణాల్లో అరుదయ్యాయి. చదివే యంత్రం ఇంకా దొరుకుతున్నప్పుడే ఈ పని చేయించుకోండి.